కాలువ కట్టేశాక ఎవరికి పని, ఎవరికి సెలవు

దాళ్వా కోతలు ఒక కొలిక్కి వచ్చే సరికి, అంటే ఏటా ఇంచుమించు ఏప్రిల్ నడిమికి, ధవళేశ్వరం దగ్గర కోనసీమకు నీళ్లు ఆపేస్తారు. ఊళ్లలో దీన్ని ‘కాలువ కట్టేశారు’ అంటారు. అంతకు ముందే మంచినీటి చెరువులు నింపుకోవాలి. నింపుకోని ఊరు జూన్ దాకా ట్యాంకర్ కోసం ఎదురు చూడాలి. తర్వాత నెలన్నర పాటు బొబ్బర్లంక నుంచి కిందికి, లొల్ల లాకుల నుంచి అమలాపురం, పి.గన్నవరం కాలువల మీదుగా రాజోలు సీమ చివరి దాకా కాలువలు ఎండిపోతాయి. అడుగున పూడిక కనిపిస్తుంది. గుర్రపు డెక్క వాడి చాపలా పడుంటుంది. బతుకమ్మలా పూలు పూసే తూటికాడ మాత్రం ఎండదు.

ఈ నెలన్నరలోనే అన్నీ చేసుకోవాలి. పూడిక తీయాలి, గట్లు పటిష్ఠం చేయాలి, లాకుల షట్టర్లు బాగు చేయాలి, మురుగు కాలువల్లో డెక్క ఎత్తాలి, జూన్‌లో నీళ్లు వదిలేలోగా తూములు సరిచూసుకోవాలి. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ డెల్టా బతికేది ఈ ఏడాదికోసారి మరమ్మతు మీదే. మూడు డెల్టాలూ కలిపి పది లక్షల ఎకరాల పైన ఆయకట్టు. అందులో కోనసీమకు నీళ్లిచ్చే మధ్య డెల్టాది రెండు లక్షల దాకా ఉంటుంది. పాత ఆనకట్ట స్థానంలో 1970, 80ల్లో బ్యారేజీ కట్టారు కానీ దాని కింద కాలువలు, డ్రెయిన్లు చాలావరకు అదే పాత ఏర్పాటు. అది ఏటా పలుగు, పార, తట్ట కోరుతుంది. ఇప్పుడైతే పొక్లెయిన్ కోరుతోంది.

మట్టి ఎవరు ఎత్తుతారు, ఆ కూలి ఎవరి చేతికి వస్తుంది, నీళ్లు ముందు ఎవరి పొలం దిగుతాయి, ఎవరి ఇంటి ముందు చివరిదాకా నిలుస్తాయి అన్నవి ఇంజినీర్ల అంచనాల్లో ఉండవు. ఈ ఏడాది ఈ లెక్కలోకి ఇంకోటి వచ్చి చేరింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టాన్ని పక్కనపెట్టి కొత్త చట్టం తెచ్చింది. జనం నోట ‘జీ రామ్ జీ’ అయిన ఆ చట్టంలో 100 రోజుల పనిని 125 రోజులు చేశామన్న మాట బాగా ప్రచారమైంది. విత్తనాలు, నాట్లు, కోతల వేళ మొత్తం 60 రోజులు పని పెట్టకుండా ఆపేయాలన్న నిబంధన గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. కోనసీమ పేటలకు అసలు సంగతి ఆ 60 రోజుల్లోనే ఉంది.

మూసేసి బాగు చేసుకునే మైదానం

మే నెలాఖరులో ప్రపంచంలో ఇంకో చోట కూడా మరమ్మతుకు తలుపులు మూస్తారు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఆగస్టా నేషనల్ గోల్ఫ్ క్లబ్ అది. ఏప్రిల్‌లో మాస్టర్స్ పోటీ జరిపి, మే చివర మూసి, మళ్లీ అక్టోబరులోనే తెరుస్తారు. ఆ మధ్య నెలల్లో గడ్డి మారుస్తారు, మట్టి మారుస్తారు, ఎత్తుపల్లాలు సరిచేస్తారు. గ్రీన్ల కింద గొట్టాలు పరిచి, నేలలోని తేమను యంత్రాలతో లాగేస్తారు. గట్టి వాన పడినా ఆట త్వరగానే మళ్లీ మొదలవుతుంది. గోల్ఫ్ కోర్సు నిర్వహణ అంటే ముప్పాతిక వంతు మురుగు నీటి పారుదలే. నీళ్లు ఎంత బాగా పెడతామన్నది కాదు, ఎంత త్వరగా తీసేస్తామన్నదే అక్కడి విద్య.

ఆ మైదానం అంతకు ముందు ఒక నర్సరీ. 1850ల్లో మొదలైన ఫ్రూట్‌లాండ్ నర్సరీస్. దానికీ ముందు నీలిమందు తోట. తర్వాత క్లబ్ అయ్యాక నల్లజాతి మనుషులు అందులో సంచులు మోసేవాళ్లుగా ఉన్నారు. 1982 దాకా మాస్టర్స్‌లో కాడీలుగా క్లబ్బు తాలూకు నల్లవాళ్లే ఉండాలన్నది నియమం. ఆ పోటీలో నల్లజాతి ఆటగాడు ఆడింది 1975లో, లీ ఎల్డర్. క్లబ్బులో నల్లజాతి సభ్యుడికి చోటు దొరికింది 1990లో. గడ్డి మీద మోకాళ్ల మీద కూర్చుని కలుపు తీసే హక్కుకీ, అదే గడ్డి మీద నడిచే హక్కుకీ మధ్య ఎంత దూరం ఉంటుందో మనవాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

మన దగ్గరా ఇలాంటి మైదానాలున్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2002, 2003 నాటికి హైదరాబాద్ పక్కన మణికొండ, నానక్‌రామ్‌గూడ దగ్గర ఎమ్మార్ ప్రాజెక్టుకు 535 ఎకరాలు కేటాయించారు. అందులో 235 ఎకరాలు గోల్ఫ్ కోర్సుకు లీజు. ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ వాటా ఎలా తగ్గిపోయిందన్న దాని మీద 2011లో హైకోర్టు ఆదేశంతో సీబీఐ కేసు కూడా నడిచింది. కేసు సంగతి అలా ఉంచితే, ఆ మైదానానికి నీళ్లు చాల్లేదనో, ఈ ఏడు గడ్డి కోతకు టెండరు ఖరారు కాలేదనో ఎప్పుడైనా ఎవరైనా విన్నారా?

కోనసీమ ఒడ్డునే, కడియపులంక నర్సరీల్లో లాన్ గడ్డిని చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. కూలికి వచ్చే ఆడవాళ్లు వంగి కలుపు ఏరి, చాపల్లా చుట్టి, లారీకి ఎక్కిస్తారు. ఆ గడ్డి ఏ ఊళ్లో ఎవరి పెరట్లో పరుచుకుంటుందో వాళ్లకు తెలియదు. ఎక్కడ పరిచినా దానికి మురుగు పారే ఏర్పాటు మాత్రం ముందే చేస్తారు. ఆ కూలి మనిషి సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి వానాకాలమైతే గుమ్మం ముందు నీళ్లు.

కాలువకు ఇచ్చే మర్యాద డ్రెయిన్‌కు లేదు

డెల్టాలో రెండు రకాల నీటి దారులుంటాయి. నీళ్లు తెచ్చే కాలువ, నీళ్లు తీసుకెళ్లే మురుగు కాలువ. కాలువ ఎత్తు మీద పోతుంది, డ్రెయిన్ పల్లం వెంట. కాలువ మొదట్లో ఉన్న పొలం విలువ వేరు, శివారు పొలం విలువ వేరు. ఊరు పుట్టినప్పుడు మెరక ఎవరికి దక్కింది, పల్లం ఎవరికి మిగిలింది అన్నది కోనసీమలో ఏ ఊరు చూసినా కనిపిస్తుంది. పేటలు చాలా చోట్ల డ్రెయిన్ గట్ల మీద, కాలువ పోరంబోకుల్లో, చెరువు వెనకాల ఉంటాయి. అసైన్డ్ పట్టాలు ఇచ్చినప్పుడూ ఎక్కువగా ఇలాంటి నేలే ఇచ్చారు. శ్మశానం కూడా డ్రెయిన్ పక్కనే. ఆగస్టులో ఎవరైనా పోతే పాడె మోసేవాళ్లు నడుంలోతు నీళ్లలో నడవాల్సిన ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

అందుకే మరమ్మతు సొమ్ము కాలువకు పోతుందా, డ్రెయిన్‌కు పోతుందా అన్నది ఒట్టి ఇంజినీరింగ్ ప్రశ్న కాదు. కాలువ బాగుంటే నీటి పన్ను కట్టే ఆసామికి నీళ్లొస్తాయి. డ్రెయిన్ బాగుంటే శివారు కౌలుదారు పంట నిలుస్తుంది, పేట ఇళ్లు నిలుస్తాయి. కౌశిక, కూనవరం, వాసాలతిప్ప, శంకరగుప్తం డ్రెయిన్ల పేర్లు జిల్లా పేజీల్లో ఏటా రెండుసార్లు వస్తాయి. వేసవిలో ప్రతిపాదనలు పంపామన్న వార్తలో ఒకసారి, వానాకాలంలో నారుమళ్లు మునిగాయన్న వార్తలో ఇంకోసారి. 2000ల రెండో సగంలో డెల్టా ఆధునికీకరణ అని పెద్దగా మొదలుపెట్టారు. ఏటా దొరికేది నెలన్నరే కనుక పనులు సాగలేదని కాంట్రాక్టర్లు అన్నారు. నెలన్నరే దొరుకుతుందన్నది టెండరు వేసినప్పుడు వాళ్లకు తెలియని రహస్యమేమీ కాదు.

శంకరగుప్తం డ్రెయిన్ సంగతి గత ఏడాది రాష్ట్రమంతా విన్నది. పోటు వేళ సముద్రపు నీళ్లు డ్రెయిన్ ద్వారా పైకి తన్నుకొచ్చి రాజోలు సీమలో కొబ్బరి తోటలు మొండాలుగా మిగిలాయి. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ కేశనపల్లి వచ్చి చూశారు. కోనసీమ పచ్చదనానికి తెలంగాణ వాళ్ల దిష్టి తగిలిందన్న అర్థంలో ఆయన అన్న మాట మీద రెండు రాష్ట్రాల్లో వారం రోజులు గొడవ నడిచింది. ఆ గొడవలో డ్రెయిన్ కొట్టుకుపోయింది. ఉప్పు నీళ్లు దిష్టి వల్ల రావు. డ్రెయిన్ నోటి దగ్గర అడ్డు సరిగా లేకపోతే వస్తాయి, పూడిక పేరుకుని మంచినీళ్ల తోపుడు తగ్గితే వస్తాయి, గట్లు కుంగితే వస్తాయి. మూడూ మరమ్మతుతో ముడిపడ్డవే.

తోట చచ్చిపోతే చెట్టుకు ఇంత అని నష్టం లెక్క కడతారు. ఆ లెక్క తోట యజమాని పేరున ఉంటుంది. దింపు కార్మికుడు, వలుపు కార్మికుడు, పీచు మిల్లులో ఆడకూలీ, కమ్మలు తెచ్చి అమ్ముకుని పొట్ట పోసుకునే ముసలమ్మ ఏ జాబితాలోనూ ఉండరు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కు సరుకు తగ్గితే ధర పెరుగుతుంది. దింపేవాడికి చెట్టే లేకపోతే ధర పెరిగి ఏం లాభం?

నీటి సంఘంలో ఓటు

ఈ పనులు ఏవి ముందు, ఏవి వెనక అని చెప్పే హక్కు కాగితం మీద సాగునీటి సంఘాలది. 1997 నాటి చట్టం వాటిని పుట్టించింది. 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. అందులో ఓటు భూమి రికార్డుల్లో పేరున్నవాళ్లకే. కోనసీమలో సాగు చేసేవాళ్లలో కౌలుదారులు ఎంత ఎక్కువో తెలియనివాళ్లు లేరు. వాళ్లలో పేటల వాళ్లూ తక్కువేమీ కాదు. 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కార్డు కావాలంటే యజమాని సంతకం పెట్టాలి. పెట్టరు. పెడితే రేపు భూమి తనదంటాడేమోనని భయం. కాబట్టి నారు పోసి, నాటు వేసి, మునిగి, నష్టపోయే మనిషికి డ్రెయిన్ మీద ఓటు లేదు. అమలాపురంలోనో విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉండి మగతా బస్తాలు తీసుకునే ఆసామికి ఉంది.

ఇక కూలికి ఓటు అన్న ఊహే లేదు. గట్టు మీద ఇల్లున్నవాడి పేరు ఆ సంఘం కాగితాల్లో కనిపించేది ఒక్క చోటే, ఆక్రమణల జాబితాలో. డ్రెయిన్ వెడల్పు చేస్తామన్నప్పుడు మొదట గుర్తొచ్చేవి గుడిసెలే. డ్రెయిన్ గట్టును తవ్వి చెరువులోకి నీళ్లు పెట్టుకునే రొయ్యల రైతు అంత త్వరగా గుర్తుకు రాడు.

మధ్యలో ఒక మాట. జిల్లాకు ఎవరి పేరుందో ఆయన నీటి సంగతి బాగా తెలిసిన మనిషి. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు దామోదర్ లోయ పథకం, కేంద్ర జలమార్గాలు, సాగునీటి కమిషన్ ఆయన చేతుల మీదుగా నడిచాయి. ఆ పేరు పెట్టడానికి 2022 మే 18న ప్రాథమిక నోటిఫికేషన్ ఇస్తే, మే 24న అమలాపురంలో ఏం జరిగిందో లోకం చూసింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయింది. ఆ వారంలోనే కాలువల మరమ్మతుకు గడువు ముగిసింది. ఆ ఏడు ప్రభుత్వం నీళ్లు జూన్ 1కే వదిలింది. కోనసీమ పేరు కోసం వీధికెక్కినవాళ్లలో కోనసీమ డ్రెయిన్ల కోసం ఎప్పుడైనా వీధికెక్కినవాళ్లు ఎందరో లెక్క తీస్తే బాగుండు.

సెలవు ఎవరు తీసుకున్నారు

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. వేల ఎకరాలు బీడు పెట్టారు. ఢిల్లీ దాకా వినిపించిన నిరసన అది. మోహన్ కందా కమిటీ వచ్చింది, నివేదిక ఇచ్చింది. రైతులు చెప్పుకున్న కష్టాల్లో నిజం ఉంది. ధాన్యానికి గిట్టుబాటు లేదు, ఎరువుల ఖర్చు పెరిగింది, డ్రెయిన్లు పూడిపోయి తొలకరి పంట ఏటా మునుగుతోంది. వాటితో పాటు ఇంకోటి కూడా గట్టిగా అన్నారు, ఉపాధి హామీ వల్ల కూలీలు దొరకడం లేదని, కూలి రేట్లు పెరిగాయని, వ్యవసాయ పనుల రోజుల్లో ఆ పథకం ఆపాలని.

విరామం రైతుది. ఆ నాలుగు నెలలూ నాట్లు లేవు, కలుపు లేదు, కోత లేదు. విరామం కావాలా అని కూలీలను అడిగినవాళ్లు లేరు. ఉపాధి పని ఎక్కడ పెట్టారో అక్కడికి పోయారు, పెట్టని చోట వలస పోయారు. రాజోలు, మలికిపురం నుంచి గల్ఫ్‌కు ఇంటి పనికి పోయే ఆడవాళ్ల దారి అంతకు ముందే పడింది. ఇలాంటి సీజన్లు ఆ దారిని వెడల్పు చేశాయి. 2022లో మళ్లీ పంట విరామం మాట లేచినప్పుడు కూడా చర్చంతా ధాన్యం బకాయిల మీదే నడిచింది, కూలీల ఊసు లేదు.

2011లో రైతు నాయకులు అడిగింది 2025లో చట్టమైంది. దేశమంతటా పెద్ద రైతుల సంఘాలు అడుగుతూ వచ్చినదే కావచ్చు, కానీ కోనసీమ ఆ అడగడానికి ఒక పేరూ ఊరూ ఇచ్చింది. ఆపే 60 రోజులు ఏవో రాష్ట్ర ప్రభుత్వం ముందుగా నోటిఫై చేయాలి. ప్రాంతాన్ని బట్టి, పంటల తీరును బట్టి వేర్వేరుగా చేసుకునే వీలుంది.

ఈ నిబంధన వెనక ఉన్న ఊహ ఒకటుంది. నాట్లు, కోతల రోజుల్లో పొలంలో పని దండిగా ఉంటుంది, కాబట్టి ప్రభుత్వ పని అక్కర్లేదు అని. కోనసీమలో ఆ ఊహ ఇరవై ఏళ్ల కిందటి సంగతి. కోత మొత్తం యంత్రాలదైపోయింది. ఒకప్పుడు నెల రోజులు ఊరంతటికీ దొరికిన కోత, కుప్ప, నూర్పిడి ఇప్పుడు ఎకరానికి గంటన్నర, రెండు గంటలు. గడ్డి కట్టేదీ యంత్రమే. నాట్లు ఇంకా ఆడవాళ్ల చేతిలోనే ఉన్నాయి కానీ ఎకరాకు ఇంత అని ముఠా గుత్త. చాలా చోట్ల వెదజల్లే పద్ధతి వచ్చి అదీ తగ్గుతోంది. మందు కొట్టడానికి డ్రోన్ వచ్చింది. మరి ఆ 60 రోజుల్లో పనికి ఎక్కడికి పోవాలి? డ్రెయిన్ పొంగి నాట్లే పడని ఏడైతే? పొలంలో పని లేదు, చట్టం ప్రకారం ఊళ్లోనూ పని పెట్టరు. ఆ రెండు నెలలు వడ్డీకి తెచ్చుకోవడమే.

కూలి రేటు సంగతి కూడా చెప్పుకోవాలి. 2025-26కి ఆంధ్రలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. అదీ కొలత ప్రకారం పని తేలితేనే. అమలాపురంలో మేస్త్రీ కింద పనికి పోయే మగవాడికి అంతకంటే ఎక్కువే వస్తుంది. కాబట్టి 307 రూపాయల కోసం మగవాళ్లంతా పొలం మానేశారన్నది లెక్కకు నిలవదు. ఆ పనికి ఎక్కువగా వచ్చేది ఆడవాళ్లు, వయసు మళ్లినవాళ్లు, దూరం పోలేనివాళ్లు. ఆ పథకం చేసిందల్లా పొలంలో ఆడకూలికి ఇచ్చే రేటు కింద ఒక మెట్టు వేయడం. ఆ మెట్టు మీద కాళ్లూని ‘ఇంతకు రాము’ అనగలిగారు. అసలు మంట దాని మీదే.

పొరుగునే గరగపర్రు ఉంది. 2017లో పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆ ఊళ్లో చెరువు గట్టు మీద అంబేద్కర్ విగ్రహం గురించి వివాదం వచ్చి, దళితులను సాంఘికంగా వెలి వేశారు. మొదట ఆపింది ఏమిటి? పొలం పని, కౌలు. పని ఆపేస్తే లొంగుతారని తెలుసు కనుక. ఆ రోజుల్లో ఊరి పెత్తందారు చేతిలో లేని పని ఏదైనా ఉందంటే ప్రభుత్వ పనే. కారంచేడులో కూడా 1985లో గొడవ మొదలైంది మాదిగలు మంచినీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర. నీటి గట్టు మీద మొదలై కూలి దగ్గర తేలడం కోస్తా జిల్లాల్లో కొత్త కాదు. ఏడాదిలో 60 రోజులు ఊళ్లో యజమాని దగ్గర తప్ప ఇంకెక్కడా పని ఉండకూడదని చట్టమే చెబితే, వెలి వేయదలచుకున్నవాడికి క్యాలెండర్ కూడా చేతికిచ్చినట్టే.

చేత్తోనా, యంత్రంతోనా

ఇక్కడ మనవాళ్లు కూడా తడబడే చోటు ఒకటుంది. కాలువ కట్టేసిన నెలన్నరలో పని యంత్రాలకు ఇవ్వకుండా కూలీలకే ఇవ్వాలని అడగడం తేలిక. అన్ని పనులకూ అది సరికాదు.

ఎండిన పంట కాలువలో, బోదెల్లో పూడిక తీయడం మనుషులు చేయగల పని, చేయాల్సిన పని. కూలి పేటకు వస్తుంది. ఉపాధి హామీలో కాంట్రాక్టరు ఉండకూడదన్న నియమం ఇన్నేళ్లు ఉంది. ఆచరణలో రాత్రి పొక్లెయిన్‌తో తవ్వి, పొద్దున మస్టర్‌లో పేర్లు రాయడం లాంటివి సామాజిక తనిఖీల్లో బయటపడుతూనే ఉన్నాయి. రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో పెట్టాలన్న నిబంధన 2023 జనవరి నుంచి అందరికీ తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని గట్టు మీద ఫొటో ఎక్కకపోతే పోయేది కూలీ రోజే. యంత్రం పెట్టినవాడి బిల్లు ఏ ఫొటో దగ్గరా ఆగదు.

డ్రెయిన్ వేరు. అమలాపురం లాంటి పట్టణాల మురుగు, మరుగుదొడ్ల నీళ్లు, చెరువుల నుంచి వదిలేసే రసాయనాలు అన్నీ కలిసే డ్రెయిన్‌లో ఛాతీ లోతు దిగి డెక్క లాగమని మనిషిని పంపితే, అది ఉపాధి కాదు. 2013 నాటి చట్టం మలం కలిసే బహిరంగ కాలువను చేత్తో శుభ్రం చేయించడాన్ని కూడా నిషేధించింది. గాజు పెంకులు, పాములు, చర్మ రోగాలు, వీటన్నిటికీ మందు ఒక జత రబ్బరు చేతి తొడుగులు! ఆ పనికి ఎవరిని పిలుస్తారో, ఎవరిని పిలవరో కులం పేరు అడగకుండానే తెలుస్తుంది. అక్కడ యంత్రమే కావాలి. డెక్కను కోసి ఎత్తే యంత్రాలు ఉన్నాయి. డబ్బు లేదనలేరు, ఏటా డెక్క తీసినట్టు బిల్లులు అవుతూనే ఉన్నాయి కదా. నీళ్లు వదిలాక మొదలుపెట్టి, వానకు డెక్క దానంతటదే కొట్టుకుపోతే దాన్నీ పనిలో చూపించే విద్య కొత్తది కాదు.

ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు. ఎండిన కాలువలో, మనిషి చేయగల చోట, యంత్రం దిగుతోంది. మురుగులో, మనిషి దిగకూడని చోట, మనిషి దిగుతున్నాడు. ఈ తేడా పట్టించుకోకుండా ‘కూలీలకు పని కావాలి’ అని మాత్రమే అడిగితే, మనకు ఇచ్చేది ఆ మురుగే.

మూడో రకం పని కూడా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఒకప్పుడు కాలువ గట్టు మీద లస్కర్లు ఉండేవాళ్లు. ఏడాది పొడుగునా గట్టు వెంట నడిచి, ఎక్కడ గండి పడేలా ఉందో, ఎక్కడ తూము కారుతోందో చూసి చెప్పేవాళ్లు. ప్రభుత్వ జీతం, పింఛను. పేటల నుంచి ఆ ఉద్యోగంలోకి వచ్చి పిల్లలను చదివించుకున్న కుటుంబాలున్నాయి. పదవీ విరమణ చేసినవాళ్ల చోట కొత్తవాళ్లను తీసుకోవడం మానేశారు. లాకుల దగ్గర అవుట్‌సోర్సింగ్ మనుషులు కొన్ని నెలలు పని చేసి కొన్ని నెలలు ఇంటి దగ్గర ఉంటారు. గోల్ఫ్ కోర్సుకు ఏడాది పొడుగునా గ్రీన్ కీపర్ ఉంటాడు, గడ్డికి తెగులు వస్తే మర్నాడే తెలుస్తుంది. రెండు లక్షల ఎకరాలకు నీళ్లిచ్చే కాలువలకు మాత్రం మనిషి అక్కర్లేదని తేల్చారు. గండి పడ్డాక ఇసుక బస్తాలు మోయడానికి రాత్రికి రాత్రి పేటకు కబురు వస్తుంది. 1858లో తెల్లదొరలు మద్రాసు రాజధానిలో గట్లు తెగినప్పుడు ఊళ్లోవాళ్లచేత నిర్బంధంగా పని చేయించుకోవడానికి ఒక చట్టమే చేశారు. ఇప్పుడు అలా చట్టం అక్కర్లేదు. నీళ్లు ముందు వచ్చేది గట్టు పక్కన ఇళ్లున్నవాళ్లకే కనుక వాళ్లే వెళ్లి మోస్తారు.

అరవై రోజులు ఎవరు రాస్తారు

కొత్త చట్టంలో ఖర్చులో 40 శాతం రాష్ట్రం భరించాలి. అంతకు ముందు కూలి మొత్తం కేంద్రమే ఇచ్చేది. చేతిలో డబ్బు తక్కువున్న రాష్ట్రానికి పని ఆపే రోజులు భారం కాదు, ఆదా. దానికి తోడు పని ఆపమని అడిగే ఆసాముల గొంతు సచివాలయం దాకా వినిపిస్తుంది. ఆ 60 రోజుల నోటిఫికేషన్ తయారయ్యే గదిలో వ్యవసాయ శాఖ, రైతు ప్రతినిధులు, ఎమ్మెల్యేలు ఉంటారు. కూలీల తరఫున ఎవరు?

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని అసెంబ్లీ సీట్లలో అమలాపురం, రాజోలు, పి.గన్నవరం మూడూ ఎస్సీ రిజర్వుడు. అమలాపురం లోక్‌సభ సీటూ రిజర్వుడే. జి.ఎం.సి. బాలయోగి ఈ సీటు నుంచే గెలిచి లోక్‌సభ స్పీకర్ అయ్యారు. బొజ్జా తారకం పుట్టింది ఇక్కడే, కందికుప్పలో. ఇంత ప్రాతినిధ్యం ఉన్న చోట, కోతల నెలలో కూలీకి నిజంగా ఎన్ని రోజుల పొలం పని దొరుకుతోందని ఊరూరా ఒక లెక్క తీయించడం ఎమ్మెల్యేలకు పెద్ద పనేమీ కాదు. గ్రామ సచివాలయాలున్నాయి, సిబ్బంది ఉన్నారు. ఆ లెక్క లేకుండా 60 రోజులు ఖరారు చేస్తే అది వ్యవసాయ క్యాలెండర్ కాదు, ఆసాముల క్యాలెండర్.

ఆ రోజులను ఎక్కడ పెడతారన్నది కూడా చూడాలి. జూలై, ఆగస్టుల్లో పెడితే డ్రెయిన్లు పొంగే రోజులవి, నాట్లు పడ్డా పడకపోయినా పేటలో పని ఉండదు. నవంబరు, డిసెంబరుల్లో పెడితే యంత్రాల కోత. ఏప్రిల్‌లో దాళ్వా కోత పేరుతో పెట్టి అది మే మొదటి వారం దాకా సాగితే, కాలువ కట్టేసిన నెలన్నరలో సగం పోయినట్టే. ఏడాది మొత్తంలో మట్టి పని నిజంగా ఉండే రోజులు అవే. ఆ రోజుల్లో కూలీలకు పని ఆపి, అదే కాలువలో అదే పూడికను టెండరు మీద పొక్లెయిన్‌కు ఇవ్వడానికి అప్పుడు అడ్డేముంది?

నోటిఫికేషన్ వచ్చాక కలెక్టరేట్‌కు వెళ్లి వినతిపత్రం ఇస్తే ‘పైనుంచి వచ్చింది’ అంటారు. ముందుగానే గ్రామసభల్లో తీర్మానం రాయించాలి, కాలువ కట్టేసిన రోజుల్లో పని ఆపరాదని, పంట విరామం ప్రకటించినా డ్రెయిన్ ముంపుతో సాగు పోయినా ఆ ఊళ్లో 60 రోజుల నిబంధన ఎత్తేయాలని. గ్రామసభకు పేట నుంచి మందిగా పోవాలి. ఎక్కువ ఊళ్లలో అది పంచాయతీ ఆఫీసు అరుగు మీద పది మందితో, సంతకాల పుస్తకంతో అయిపోతుంది. కాలువ కట్టేసేది ఏప్రిల్ నడిమి. దానికి ముందు గ్రామసభ ఎప్పుడో పంచాయతీ కార్యదర్శిని అడిగి తెలుసుకోవచ్చు.